రొయ్య తాడు, నాంచారయ్య గారి చెయ్యి

2022 మార్చి. బందరులో అప్పటికే ఎండ ముదిరింది. మధ్యాహ్నం అయితే మా వీధిలో మనిషన్నవాడు కనబడడు. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి మాత్రం వచ్చి, దుకాణం ముందు వేలాడదీసిన కుక్క బెల్టులన్నిటినీ మెల్లగా ఊపి పోతుండేది. బెల్టుల బకిల్స్ ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతుంటే నాకు కునుకు పట్టేది. సగం నిద్రలో ఆ చప్పుడు జట్కా గుర్రాల గజ్జెల చప్పుడే అనిపించేది.

గుర్రాలు ఎందుకంటే, ఆ దుకాణం మా అబ్బాది. అబ్బా అంటే మా నాన్న. ఊళ్ళో జట్కాలు తిరిగే రోజుల్లో కళ్ళేలు, పగ్గాలు, గుర్రం ఛాతీకి వేసే పట్టీలు కుట్టేవారు. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి, తర్వాత అబ్బా కూడా పోయారు. కుట్టుమిషను, సూదుల పెట్టె, దుకాణం నాకు మిగిలాయి. గుర్రాలు లేని ఊళ్ళో నేనేం కుట్టాలి? కుక్కల్ని ముద్దుగా పెంచుకునేవాళ్ళు ఎక్కువవుతున్నారు కదా అని వాటి సామాను పెట్టాను. "ఫాతిమా, నీకు ఇంకే వ్యాపారం దొరకలేదా!" అని, కుక్కను ముట్టుకుంటే నమాజుకు పనికిరామనుకునే మా పెద్దమ్మ ఇప్పటికీ మూతి తిప్పుతుంది. తిప్పుకోనీ. చేతులు శుభ్రంగా కడుక్కుని నమాజు చేసుకుంటాను, నా పని నేను చూసుకుంటాను.

నా వ్యాపారంలో ముందుగా తెలియాల్సిన మాటలు మూడే. కుక్క మెడకు వేసేది కాలర్. మెడ జోలికి పోకుండా ఛాతీ చుట్టూ వేసే పట్టీ హార్నెస్. దానికి తగిలించి మనం చేత్తో పట్టుకునే తాడు లీష్.

ఒక సోమవారం మధ్యాహ్నం నేను కునికిపాట్లు పడుతుంటే ఒకావిడ చేపల గంప నడుముకు ఆనించుకుని లోపలికొచ్చింది. నేను కళ్ళు పూర్తిగా తెరవకుండానే, "ఇవాళ వద్దమ్మా, పొద్దున్నే కొనేశాను" అన్నాను.

"చేపలు కాదండీ, మా రొయ్య" అంది ఆవిడ.

గంపలోంచి తెల్లటి బుల్లి తల ఒకటి పైకి లేచింది. పొమెరేనియన్ జాతి కలిసిన కుక్క. మూడు కిలోలుంటే గొప్ప. పడుకుంటే వంకర తిరిగి అచ్చం రొయ్యలాగే ఉంటుందని ఆ పేరు పెట్టారట. మెడలో వలతాడు ముడేసి ఉంది. నన్ను చూసి మొరగబోయింది, మొరుగు రాలేదు, దగ్గొచ్చింది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు గరగరమనే ఆ దగ్గు వినగానే నాకు విషయం అర్థమైంది.

ఆవిడ పేరు మాణిక్యం. గిలకలదిండి వైపు ఉంటారు. భర్త వేటకు పోతాడు, ఆవిడ చేపలమ్ముతుంది. పశువుల డాక్టరు గారు చూసి ట్రాకియా మెత్తబడిందన్నారట. ట్రాకియా అంటే గొంతులో గాలి వెళ్ళే గొట్టం. ఇలాంటి బుల్లి కుక్కల్లో అది నాజూగ్గా ఉంటుంది, మెడకు తాడేసి లాగితే నొక్కుకుపోతుంది. ఇంకెప్పుడూ మెడకు ఏమీ కట్టొద్దన్నారట.

"కట్టకపోతే కుదరదండీ. లారీలు తిరిగే రోడ్డు దాటాలి. పొద్దున్నే దీన్ని మా నాన్న తిప్పుతాడు" అంది మాణిక్యం.

"దానిదేముందమ్మా, ఐదు నిమిషాల పని!" అన్నాను. రొయ్య ఛాతీ కొలిచాను, హార్నెస్ వేశాను. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే బిగుతు, మూడు దూరితే కుక్క జారిపోతుంది. అంతవరకూ బాగానే చేశాను. ఆ తర్వాతే నా కళ్ళు నెత్తికెక్కాయి. హైదరాబాదు నుంచి కొత్తగా తెప్పించిన రిట్రాక్టబుల్ లీష్ తీశాను. ప్లాస్టిక్ డబ్బాలో స్ప్రింగు ఉంటుంది. కుక్క ముందుకు పోయినకొద్దీ సన్నటి తాడు బయటికొస్తుంది, వెనక్కొస్తే చరచరా లోపలికి పోతుంది. "కుక్కకీ సుఖం, మీ నాన్నగారికీ సుఖం" అని గొప్పగా చెప్పి పంపించాను. ఆ నాన్నగారు ఎలాంటి మనిషి, ఎలా నడుస్తాడు అని ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

గురువారం మాణిక్యం మళ్ళీ వచ్చింది. ఈసారి గంప లేదు. డబ్బా తెచ్చి గల్లాపెట్టె మీద ఠపీమని పెట్టింది.

"ఇదేం తాడండీ! కుక్కేమో రోడ్డు మధ్యలో, మా నాన్నేమో గట్టు మీద! లారీవాడు బ్రేకేశాడు కాబట్టి సరిపోయింది. మా నాన్న కంగారుపడి బోర్లా పడ్డాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి."

"కుక్క అంత దూరం పోతుంటే ఆయన చూసుకోలేదా అమ్మా?"

"చూపుంటే కదండీ చూసుకోడానికి!"

నాకు తల తీసేసినట్టయింది. నాంచారయ్య గారికి చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి రెండేళ్ళ కిందట పూర్తిగా పోయిందట. కర్ర తెచ్చిస్తే విసిరికొట్టాడట. ఏడాది పాటు మంచం దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎక్కడినుంచో ఈ కుక్కపిల్ల ఇంట్లోకొచ్చి చేరాక, దాని తాడు పట్టుకుని రోజూ తెల్లారేసరికి సముద్రం ఒడ్డుకు వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. మళ్ళీ అన్నం అడిగి తింటున్నాడు.

"ఇంక నా వల్ల కాదండీ. తెల్లారుజామున నేను చేపల వేలంపాటకు పోవాలి, నాన్న వెనకాల తిరగలేను. ఆదివారం మా బావ వస్తన్నాడు. బంటుమిల్లి కాడ ఆయనకు చెరువులున్నాయి. కుక్కని తీసుకుపోతానన్నాడు. మా నాన్న మళ్ళీ మంచం ఎక్కుతాడు, నాకు తెలుసు. రోడ్డు మీద పోయేకంటే నయం కదా!" ఆ మాట అనేసి ఆవిడ గట్టిగా ఏడ్చేసింది.

దుకాణం తలుపులేసి ఆవిడ వెంట వెళ్ళాను. ఇంటి ముందు తాటాకు పందిరి నీడలో నాంచారయ్య గారు వల బాగుచేస్తున్నాడు. కళ్ళు ఎటో ఉన్నాయి, వేళ్ళు మాత్రం వల కన్ను ఒక్కటీ తప్పకుండా అల్లుకుంటూ పోతున్నాయి. కాళ్ళ దగ్గర రొయ్య వంకర తిరిగి పడుకుంది. గాలి, ఎండుచేపల వాసన, దూరంగా మరపడవ చప్పుడు. ఆ పందిట్లో కూర్చుంటే టైము ఎటుపోతోందో తెలియలేదు.

"తప్పు నాదేనండి బాబాయ్ గారూ" అన్నాను.

"నీ తప్పేముందమ్మా. ఆ డబ్బా ఎప్పుడూ లాగుతానే ఉంటది. రొయ్య లాగిందో, స్ప్రింగు లాగిందో తెలవట్లా. పాత తాడైతే అన్నీ చెప్పేది. రొయ్య రోడ్డు అంచున కూకునేది, తాడు వదులయ్యేది, నేను ఆగిపోయేవోణ్ణి. లారీ పోయాక లేచేది, ఒక్క చిన్న గుంజు గుంజేది. ఎవరూ నేర్పలా. దానికి లారీలంటే భయం, అంతే." కాసేపు వల మీద చెయ్యి ఆపాడు. "సంద్రంలో గేలం తాడు చేత్తో పట్టుకుని కునుకు తీసేవోణ్ణమ్మా. కింద ఏ చేప ముట్టిందో నిద్దట్లోనే తెలిసేది. మొన్న ఆ డబ్బా పట్టుకున్నాను చూడూ, అప్పుడు పోయినాయి నాకు నిజంగా కళ్ళు."

రొయ్య తోక రెండుసార్లు నేలకు కొట్టి మళ్ళీ నిద్రపోయింది.

తిరిగొస్తుంటే దారంతా మా అబ్బానే గుర్తొచ్చారు. పగ్గం కుట్టడం అయ్యాక అబ్బా దాని ఒక కొస గుమ్మానికున్న ఇనుప కొక్కేనికి తగిలించి, రెండో కొస జట్కా తోలేవాడి చేతికిచ్చి, కళ్ళు మూసుకోమనేవారు. కొక్కెం దగ్గర పగ్గాన్ని వేలితో మీటి, "తెలిసిందా? ఎటువైపు?" అని అడిగేవారు. తెలియలేదంటే మళ్ళీ విప్పి కుట్టేవారు. నేనది చూస్తూ పెరిగినదాన్ని. ఆ కొక్కేనికి ఇప్పుడు క్యాలెండరు వేలాడదీశాను! నా మీద నాకే ఒళ్ళు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం, నేను కబురు పెడితే మాణిక్యం తండ్రిని, రొయ్యని ఆటోలో తీసుకొచ్చింది. ఆయన్ను అబ్బా కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, క్యాలెండరు తీసేసి, ఒక్కొక్క లీష్ కొక్కేనికి తగిలించాను. కొక్కెం దగ్గర మాణిక్యం వేలితో మీటుతుంది, ఆయన చెప్పాలి. నేనూ పక్కనే అదే తాడు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గాలికి బకిల్స్ మోగుతున్నాయి. చీకట్లో ఒక్కొక్క తాడు చేతిలోకొచ్చి పోతోంది.

మధ్యలో రబ్బరు సాగే బంజీ లీష్ పూర్తిగా మూగది. కుక్క గుంజితే ఆ గుంజు రబ్బరులోనే ఇంకిపోతుంది. వెడల్పాటి నైలాన్ పట్టీ సగం చెప్పింది, సగం మింగింది. తోలుది బాగా పలికింది గానీ, మూడు కిలోల కుక్కకు ఆ బరువు ఎక్కువ. పైగా దాని ఇత్తడి హుక్కు ఊగి ఊగి వీపు మీద కొడుతుంది.

"ఇంకేమన్నా ఉందా అమ్మా?" అన్నాడు నాంచారయ్య గారు. ఆ గొంతులో ఆశ సన్నగిల్లడం నాకు వినబడింది.

అప్పుడు అబ్బా సూదుల పెట్టె గుర్తొచ్చింది. అడుగున నూలు తాడు చుట్ట ఉండాలి, తోలు పగ్గాల లోపల పెట్టి కుట్టేది. తీసి ఒక మూర ఆయన చేతిలో పెట్టాను. వేళ్ళతో నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, లాగి చూశాడు. "ఇదీ తాడంటే! దీన్ని నాలుగు పోగులుగా నేనల్లుతాను, నువ్వు కుక్క సంగతి చూడమ్మా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం పక్కపక్కన కూర్చుని పనిచేశాం. ఆయన అల్లుతున్నాడు, నేను కుడుతున్నాను. నా రెడీమేడ్ హార్నెస్ ముందు పట్టీ రొయ్య గొంతుకు దగ్గరగా జరుగుతోందని అప్పుడు చూశాను. దాన్ని రొమ్ము ఎముక మీదికి దించి, లోపల రాసుకోకుండా పెడన నుంచి వచ్చిన మెత్తటి కలంకారీ ముక్క వేసి కుట్టాను. వీపు మీద తేలికపాటి చిన్న హుక్కు పెట్టాను. లీష్ పొడవు ఆయన చెయ్యి ఎత్తుకు కొలిచి, రొయ్య ఒకడుగు ముందు నడిచేంత ఉంచాను. అంతకు మించి అంగుళం లేదు. చివర్లో తగిలించి మీటి చూశాం. మాణిక్యం గోటితో గీరినా ఆయనకు తెలిసింది. నాకూ తెలిసింది.

"తడిస్తే బిగుసుద్ది. ఎండబెట్టుకుంటాలే" అన్నాడాయన, తాడును వదలకుండానే.

ఆదివారం తెల్లవారుతుండగా వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే మంచు. మాణిక్యం పాటకు పోవడం మానుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బంటుమిల్లి బావ కూడా వచ్చేశాడు. మోటార్‌సైకిల్ వెనకాల కుక్క కోసం బుట్ట కట్టుకుని మరీ వచ్చాడు. "ఒక్కసారి నడవనివ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం" అని ఇద్దరినీ బతిమాలాను.

నాంచారయ్య గారు, రొయ్య ముందు. పది అడుగుల వెనక మేం ముగ్గురం. ఎవరూ మాట్లాడకూడదని ఒప్పందం. మంచులో ఆయన తెల్లటి పంచె, దాని ముందు తెల్లటి కుక్క కలిసిపోయి కనబడుతున్నాయి. రొయ్య దగ్గడం లేదు. నేను మాత్రం తాడు మీదే కళ్ళు పెట్టి నడుస్తున్నాను. మళ్ళీ ఏమన్నా అయితే ఆ పాపం నాదే.

రోడ్డు అంచుకు వచ్చి ఆయన ఆగిపోయాడు. రోడ్డు ఖాళీగా ఉంది. కొంచెంసేపు చూశాం. ఆయన కదలలేదు. సముద్రం హోరు తప్ప ఏమీ వినబడడం లేదు. ఇంక బావ ఉండబట్టలేకపోయాడు.

"ఏమీ లేదు మావయ్యా, వచ్చెయ్! నేను చూస్తన్నాను కదా!"

"కూకుంది" అన్నాడు నాంచారయ్య గారు.

అంతలో మంచు చీల్చుకుని లారీ వచ్చింది. రాళ్ళ లోడుతో, ఒక్క దీపంతో, మా ముఖాల మీద గాలి కొట్టి పోయింది. మాణిక్యం నా చెయ్యి పట్టుకుంది. గాజులు గుచ్చుకునేంత గట్టిగా పట్టుకుంది. చప్పుడు పూర్తిగా పోయాక తాడు ఒక్క రవ్వ బిగిసింది. ఆయన నవ్వుకుని అడుగు ముందుకేసి రోడ్డు దాటాడు.

ఒడ్డున చీలమండల లోతు నీళ్ళలో నిలబడి, ఆయన చాలాసేపు సముద్రం వైపు ముఖం పెట్టి ఉన్నాడు. మాణిక్యం ఇసకలో కూలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. బావ పాపం మెల్లగా అన్నాడు: "కళ్ళున్నోణ్ణి నేను రమ్మన్నానమ్మా ఆయన్ని!" ఆ బుట్టలో ఎండుచేపలు వేసుకుని బంటుమిల్లి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు నాంచారయ్య గారు ఇసకలో ఆగి, తాడు నా చేతికిచ్చాడు. "కళ్ళు మూసుకోమ్మా" అన్నాడు. మూసుకున్నాను. వేళ్ళ చివర చిన్న చిన్న కదలికలు. రొయ్య ఆగింది, వాసన చూసింది, ఎండ్రకాయను చూసి బెదిరింది, మళ్ళీ కదిలింది. అన్నీ తెలిశాయి. అబ్బా గుమ్మం దగ్గర నిలబడి "తెలిసిందా?" అని అడుగుతున్నట్టే ఉంది. తెలిసింది అబ్బా అని పైకే అనేశాను.

కుక్కను కొలవడం నాకు ముందే వచ్చు. రెండో కొసన ఉండే చేతిని కూడా కొలవాలని ఆ వారంలో నేర్చుకున్నాను. ఇప్పుడు గుడివాడ నుంచి కార్లలో వచ్చి, "ఆ డబ్బా లీష్ లేదా అండీ?" అని అడిగేవాళ్ళున్నారు. ఉందండీ, ఇస్తాను అంటాను. ఇచ్చేముందు మాత్రం ఆ తాడు ఒక కొస కొక్కేనికి తగిలించి, రెండోది వాళ్ళ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకోమంటాను. ముందు నవ్వుతారు. నేను మీటింది చేతికి తెలియక నవ్వు ఆపేస్తారు. క్యాలెండరుకు వేరే మేకు కొట్టుకున్నాను.