అవిసె నూనె గుడ్డలు

1961 వేసవి. బళ్ళారి కౌల్ బజార్‌లో మా నాన్న వదిలి వెళ్ళిన తోలు అంగడి నా చేతికి వచ్చి ఆరేళ్ళయింది. చెప్పులు, జట్కా గుర్రాల జీనులు, పెట్టెల పట్టీలు మా రోజువారీ పని. నాతో పాటు గాదిలింగప్ప ఉండేవాడు. మా నాన్న తరం మనిషి. చుట్టం కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. ఆరె, అంటే తోలుకు బెజ్జం వేసే పనిముట్టు, పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఆయనకు ఒక్కటే అలవాటు, బీడీ. అదీ అంగడి బయట మెట్ల మీద కూర్చుని తాగేవాడు.

ఆ వేసవిలో అనసూయమ్మ గారని ఒక మిడ్‌వైఫ్ మా అంగడికి వచ్చారు. వాళ్ళది కోస్తా. కాలువ నీళ్ళు వచ్చాక మోక అనే ఊరి పక్కన పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. ఆవిడ సంచిలోంచి ఒక పాత హ్యాండ్‌బ్యాగు తీసి బల్ల మీద పెట్టారు. ముట్టుకుంటే వేళ్ళకు ఎర్రటి పొడి అంటుకుంది. తోలులోని జిడ్డంతా ఎండిపోయి, పోగులు విడిపోయి పొడి రాలడాన్ని మా పనిలో రెడ్ రాట్ అంటారు.

"కొత్తది కొనుక్కోమని అందరూ అంటున్నారండీ. నాకు కొత్తది వద్దు. నాకు పని నేర్పిన డాక్టరమ్మ గారి బ్యాగు ఇది. ఆవిడ పోతూ నాకిచ్చారు. చెయ్యగలరా?"

"చూస్తానమ్మా. నెల రోజులు టైము ఇయ్యండి" అన్నాను.

ఎండిన తోలుకు మళ్ళీ మెత్తదనం ఇచ్చే నూనెనో మైనాన్నో ఇప్పుడు కండిషనర్ అంటున్నారు. అప్పట్లో మేము డ్రెసింగ్ అనేవాళ్ళం. చెప్పులకు, జీనులకు ఏది రాయాలో తెలుసు గానీ అంత పల్చని, అంత పాత తోలుకు ఏది సరిపడుతుందో నాకు తెలియదు. బ్యాగు లోపలి మడత నుంచి నాలుగు చిన్న ముక్కలు కోసి ఒక్కోదానికి ఒక్కో నూనె రాశాను. ఆముదంతో ముక్క మెత్తబడింది కానీ జిగురుగా మారి దుమ్మంతా పట్టింది. కొబ్బరినూనె నల్లగా మార్చింది. శెనగనూనె వారానికే కంపు కొట్టింది. రంగుల అంగడాయన ఇచ్చిన నాలుగోదే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్. అవిసె నూనెను కాచి తయారుచేస్తారు, తలుపులకు, బండ్లకు రాస్తారు. అది రాసిన ముక్క మరునాటికల్లా ఆరి నిగనిగలాడింది. నా ఆనందం ఇంతా అంతా కాదు.

మామ మాత్రం ముక్కను అటూ ఇటూ వంచి చూసి, "మెరుస్తాండాది గానీ, గట్టిపడతాండాదే" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

మరునాడు పొద్దున్నుంచి బ్యాగంతా ఆ నూనె రాశాను. ఎక్కువైనదాన్ని పాత పంచె గుడ్డలతో తుడిచాను. ఆ గుడ్డలన్నీ ముద్ద చేసి మూలనున్న గోనెసంచిలో కుక్కాను. బ్యాగును దాని పైనే మేకుకు వేలాడదీశాను. మధ్యాహ్నం మామను అంగట్లో ఉంచి అన్నానికి ఇంటికి వెళ్ళాను. పైన జింకు రేకులు, బయట నిప్పులు చెరిగే ఎండ.

సగం అన్నంలో ఉండగా కేకలు వినిపించాయి. పరిగెత్తుకొచ్చేసరికి అంగడి వెనక భాగం మండుతోంది. మామ, పక్కనే బట్టల అంగడి రుద్రప్ప, ఇంకో పదిమంది బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. మంట ఆరేసరికి కట్టె బీరువా, చేతిలో ఉన్న పనులు సగం పోయాయి. అనసూయమ్మ గారి బ్యాగులో మిగిలింది ఇత్తడి కొక్కెం ఒక్కటే.

మామ వైపు తిరిగాను. "బీడీ యాడ పారేసినావు మామా?"

"నేను తాగల్యా అప్పా. టీకి పోయి వస్తి. వచ్చేటప్పటికే పొగ."

"నువ్వు తాగకుంటే నిప్పు యాడ్నించి వచ్చె? ఆకాశం నుంచి పడెనా?"

వీధి వీధంతా అక్కడే ఉంది. రుద్రప్ప, "బీడీ తాగేటోడు తాగల్యా అంటే ఎవరు నమ్ముతారప్పా" అన్నాడు. ఎవరూ కాదనలేదు. మామ నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. తన ఆరె తీసుకుని వెళ్ళిపోయాడు. సండూరులో కూతురింటికి పోయి గనిలో కూలికి కుదిరాడని వారం తర్వాత తెలిసింది.

నెలకు అనసూయమ్మ గారు వచ్చారు. కొక్కెం చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆవిడ బల్ల మీద అలాగే కూలబడ్డారు. "ఎవరికైనా కాలిందా?" అని అడిగారు.

"లేదమ్మా."

"ఆ పెద్దాయన బీడీ కాల్చడం మీరు చూశారా?"

"చూల్యా అమ్మా. కానీ ఆయనకు అలవాటు ఉండాది."

ఆవిడ తల ఎత్తారు. "పురిట్లో బిడ్డ పోతే ముందు నా చేతుల వైపే చూస్తారండీ. నేను వెళ్ళేసరికే పోయిన బిడ్డల విషయంలో కూడా. చూడకుండా ఎలా అన్నారు మీరు?"

ఆవిడ కొక్కెం కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయారు.

అది జరిగిన నాలుగో రోజు. కాలిపోయిన బీరువా బదులు కొత్తది చేయించి, మిగిలిన అవిసె నూనెను దానికి రాశాను. తుడిచిన గుడ్డలు ముద్ద చేసి వెనక వాకిట్లో పాత బేసినులో పడేశాను. అంగట్లో నేనొక్కణ్ణే. మధ్యాహ్నం ఏదో మాడుతున్న వాసన వచ్చింది. వెళ్ళి గుడ్డల ముద్ద పట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. కర్రతో విప్పితే లోపల గుడ్డ నల్లబడి ఉంది. గాలి తగలగానే అంచు ఎర్రగా రాజుకుంది.

అక్కడ బీడీ లేదు, అగ్గిపుల్ల లేదు, మనిషి లేడు.

రంగుల అంగడికి పరిగెత్తాను. ఆయన తాపీగా, "ఆ గుడ్డలు ముద్ద చేసి పెడ్తారాప్పా యాడన్నా? ఆ నూనె ఆరేటప్పుడు కాక పుడ్తాది. విప్పి తీగ మీద ఆరెయ్యాల. మా పనోళ్ళకు అందరికీ తెలుసు" అన్నాడు.

"నాకు చెప్పల్యా నువ్వు!"

"నువ్వు అడగల్యా గదా" అన్నాడు ఆశ్చర్యంగా.

మరునాడు సండూరు బస్సెక్కాను. గని దగ్గర మాంగనీసు రాళ్ళు సుత్తితో పగలగొట్టే వరసలో మామ కూర్చుని ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలికి ఇంత లావు కట్టు. రాయి జారి వేలు నలిగిందట. కుట్టుకు ఊతం ఆ వేలే. కౌల్ బజార్‌లో ఆయనంత సన్నగా కుట్టినవాడు లేడు. ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"ఏంది ఇట్ల వచ్చినావు?" అన్నాడు మామ.

"తప్పు నాది మామా. నూనె గుడ్డలు వాటి పాటికవే కాల్నాయి. నా కండ్లతో చూసినా. అంగడికి రా."

మామ సుత్తి కింద పెట్టాడు. "నన్ను వీధిలో నిలబెట్టి అంటివి. ఈడ, రాళ్ళ ముందర, తప్పు నాది అంటే ఏం లాభమప్పా? ఆడ చెప్పు."

రెండు రోజుల తర్వాత వచ్చాడు. వీధిలో అందరినీ పిలిచి చెప్పాను. రుద్రప్ప నవ్వాడు. "గుడ్డ దాని పాటికది కాల్తాదా? ముసిలోన్ని మళ్ళీ పనికి పెట్టుకోనీకి సుమ్నే ఉత్త కథలు చెప్తాండావు."

ఆ మాటకు నేను నివ్వెరపోయాను. నేను అన్న అబద్ధాన్ని ఒక్క క్షణంలో నమ్మినవాళ్ళు నేను చెప్పే నిజాన్ని నమ్మడం లేదు.

అందరి ముందే గుడ్డలు నూనెలో ముంచి పిండి, బుట్టలో గట్టిగా కుక్కి, గోనెపట్టా చుట్టి వీధిలో బండ మీద ఎండకు పెట్టాను. రుద్రప్పనే కాపలా కూర్చోమన్నాను. గంట గడిచింది. ఏమీ కాలేదు. రెండు గంటలైంది. కొందరు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మామ మెట్ల మీద కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. కాలకపోతే ఇక ఈ మనిషి జన్మంతా ఆ మాట మోయాల్సిందే.

రుద్రప్ప విసుగ్గా లేచి బుట్ట మీద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. గోనె సందుల్లోంచి సన్నగా పొగ. కర్రతో పట్టా విప్పాను. లోపలి గుడ్డలు భగ్గుమన్నాయి.

రుద్రప్ప తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ, "గాదిలింగన్నా..." అని ఆగిపోయాడు.

మామ లేచి నిలబడ్డాడు. "ముందు నీళ్ళు పొయ్యండప్పా. అంగళ్ళు అంటుకుంటాయి."

ఆయన అంగడికి తిరిగి వచ్చాడు. సరైన డ్రెసింగ్ కూడా ఆయన సాయంతోనే దొరికింది. కంబళ్ళు నేసేవాళ్ళు గొర్రె బొచ్చు ఉడకబెట్టేటప్పుడు నీళ్ళ పైన తేలే జిడ్డును వడగట్టి, అందులో తేనెమైనం, కొంచెం ఆముదం కలిపి కరిగించాం. పాత తోలు దాన్ని నెమ్మదిగా తాగి వంగేది, జిగురు పట్టేది కాదు. దానితో పదును చేసిన తోలుతో అనసూయమ్మ గారికి ఒక బ్యాగు కుట్టి మోకకు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, "ఆ పెద్దాయన్ని ఒకసారి పంపించండి. వేలు చూస్తాను" అన్నారు.

ఇప్పుడు పాత బ్యాగుకు ఏం రాయాలని ఎవరైనా అడిగితే చెప్తాను. ముందు కనపడని చోట చిన్న ముక్క మీద రాసి పది రోజులు ఆగమంటాను. తుడిచిన గుడ్డను విప్పి ఆరేయమంటాను. పక్క పనివాళ్ళ సరుకు వాడేటప్పుడు, వాళ్ళు చెప్పనిది కూడా అడిగి తెలుసుకోమంటాను. కంటితో చూడని తప్పును మనిషి మీద వేయకూడదన్నది మాత్రం ఎవరికీ చెప్పలేను. చెప్పే అర్హత నాకు లేదనిపిస్తుంది. మామ ఆ తర్వాత పదకొండేళ్ళు మా అంగట్లోనే పని చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వేలు మాత్రం మళ్ళీ వంగలేదు.