జవాబు వచ్చేదాకా

మా తెలుగు మేడం ఇక లేరన్న సమాచారం పుంగనూరులోని మా ఉన్నత పాఠశాల వాట్సాప్ గ్రూపులో గత నెల ఒక ఉదయం వెలువడింది. దానికి పైన మధ్యాహ్న భోజనం వివరాలు, కింద యూనిట్ పరీక్షల కాలపట్టిక ఉన్నాయి. సిబ్బంది యావన్మందీ చేతులు జోడించిన బొమ్మలు పంపి విధి నిర్వర్తించారు. నేనూ పంపాను. ఆ రోజు మొదటి పీరియడ్‌లో బోర్డు మీద ఏం రాయాలో మాత్రం నాకు తోచలేదు.

మేడంపై కొన్ని అభ్యంతరాలు ఉండేవని పాఠకులకు ముందే మనవి చేయాలి. ఆమె ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎదురుచూసేవారు. ఆ వ్యవధిలో చేతుల సుద్దపొడి కొంగుకు నిదానంగా తుడుచుకునేవారు. సిలబస్ పూర్తిచేయడమే పరమావధిగా గల వ్యవస్థలో ఇది దుబారా కిందికి వస్తుంది.

తొమ్మిదో తరగతిలో గొర్రెలు మేపే ఇంటి నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. వినికిడికి లోటు లేదు, బుద్ధి చురుకు. కానీ పొడుగు వాక్యంలో సగం దారిలోనే తప్పిపోయేది. తెలిసిన మాట కూడా నోటికి అందేది కాదు. దీన్ని భాషా రుగ్మత అంటారని మదనపల్లె శిక్షణలో మాకు బోధించారు. మేమంతా సంతకాలు పెట్టి, టీ తాగి వచ్చాం. మేడం విని వచ్చారు. అప్పటినుంచి ఆ అమ్మాయికి పాఠం చిన్న చిన్న వాక్యాల్లో చెప్పేవారు. రేపు అడగబోయే ప్రశ్న ఇవాళే చెప్పి పంపేవారు. స్టాఫ్‌రూములో దీన్ని ప్రశ్నపత్రం లీకుగా వర్గీకరించారు.

పదో తరగతి ఉత్తీర్ణతా శాతాన్ని కాపాడే నిమిత్తం, ఆ అమ్మాయిని బడి మాన్పించమని చెప్పడానికి ప్రధానోపాధ్యాయుడు తండ్రిని పిలిపించారు. తండ్రి వెంటనే ఒప్పుకున్నాడు.

"మాటే రాని బిడ్డకి సదువు యాల సార్. గొర్లు సూసుకుంటాది."

అక్కడే ఉన్న మేడం, తండ్రి వెనక నిలబడ్డ ఆ అమ్మాయి వైపు తిరిగి, నీకు బడి కావాలా అని అడిగి ఊరుకున్నారు. ప్రధానోపాధ్యాయుడు మాట అందించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మాట కుప్పం బస్సు మాదిరి సార్. మనం ఎదురుపోతే బిరీన రాదు. నిలబడుకోవాల."

నిలబడ్డాం. చాలాసేపటికి ఆ అమ్మాయి, "కావాల. నేను... ఈడే," అంది.

తండ్రి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తన బిడ్డను ఒకరు ప్రశ్న అడిగి ఆగడం ఆయన అంతకుముందు చూసి ఉండడు. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. నేనూ అడిగాక ఆగుతున్నాను. నా సిలబస్ వెనకబడింది.

అంత్యక్రియలు మేడం సొంతవూరు కుప్పంలో జరిగాయి. తండ్రితో కలిసి ఆ అమ్మాయీ వచ్చింది. ఊరి బయట దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవారి చెవిలో మూడుసార్లు పిలిచి, పలకకపోతే ముందుకు సాగడం ఆనవాయితీ. కొడుకు వంగి అమ్మా, అమ్మా, అమ్మా అన్నాడు. నడుమ ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేదు. పెద్దలు పాడె అందుకోబోయారు.

"ఆగండప్పా," అంది ఆ అమ్మాయి. మిగతా మాట దొరకడానికి కొంతసేపు పట్టింది. "మేడంకి... టైం ఇయ్యండి."

ఎవరూ పాడె ఎత్తలేదు. ఎండలో అందరం అలాగే నిలబడ్డాం. ఆ అమ్మాయి పాడె పక్కన గొంతుక్కూర్చుని, మేడం పెదవులకేసి చూస్తూ ఉంది.