ఏత్వం పోయిన గడి

యూనిఫారాలు కుట్టే అత్తను ఒకప్పుడు ‘గోడ’ అని పిలిచేవారంటే ఇప్పుడెవరూ నమ్మరు. బడి జట్టుకు గోల్ కాసినన్నాళ్లూ ఆమెను దాటి బంతి పోవడం గగనమయ్యేది. పదో తరగతిలో ఉండగా ఆడపిల్లల జట్టు ఎత్తేశారు. ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లయినా, వెనక మైదానంలో బంతి చప్పుడైతే ఇప్పటికీ ఆమె కాలు ఆగిపోతుంది. ఆ ఆట గురించి ఎవరైనా ఒక్కసారి తనను అడిగితే బాగుండునని ఆమె ఆశ. అడగకుండా చెప్పుకుంటే సొంత డబ్బా. మెడలో టేపున్న మనిషిని ఎవరైనా కొలతలే అడుగుతారు కదా!

ఆ వారం మేనకోడలికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. మన వీధిలో ఫుట్‌బాల్‌కు ఆదరణ ఎంత? ఇరవై మందిని అడిగి, వాళ్లచేతే గడిలో టిక్కు పెట్టించాలి. ఆ వీధి సామాన్యమైనదా? మందుల షాపాయన తలెత్తకుండానే "ఇష్టమే, ఇష్టమే" అన్నాడు. జ్వరం గురించి అడిగినా అదే అనేవాడు. రెండిళ్లవాళ్లు చందాకొచ్చిందనుకుని తలుపేసుకున్నారు. వాచ్‌మన్ పొద్దున ప్రాణమన్నాడు, సాయంత్రం పేరెత్తొద్దన్నాడు. ఆయన జట్టు ఓడిందట!

పిల్ల రోజూ వచ్చి గోడు వెళ్లబోసుకునేది. ఇవాళైనా నన్నడుగుతుందేమోనని అత్త దారం కొరుకుతూ వినేది.

"పంతొమ్మిదయ్యారు అత్తా. ఇంకొక్కరికి నీ పేరు రాసేస్తాలే. ‘తెలియదు’లో టిక్కు పెట్టెయ్."

అత్తకు కోపం రాలేదు, దిగులేసింది. కాగితం లాక్కుని, పైన ‘ఆడవాళ్లు’ అని రాసున్న మొదటి గడిలో టిక్కు పెట్టింది.

పిల్ల తొంగిచూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, అది ‘ఆడవాళ్లు’ కాదత్తా, ‘ఆడేవాళ్లు’! ఏత్వం నేనే మర్చిపోయా. అందుకా, పాలావిడా నర్సమ్మా అందరూ ఇందులోనే టిక్కు పెట్టారు! నా ప్రాజెక్టు మట్టిగొట్టుకుపోయింది."

"వాళ్ల సంగతి నాకు తెలీదు. నేను తెలిసే పెట్టాను," అంటూ అత్త పెన్సిలు తీసుకుని ‘డ’ మీద ఏత్వం పెట్టింది.

పిల్ల కాగితం వంక చూసి, అత్త వంక చూసింది. "నువ్వా? నువ్వెక్కడ ఆడేదానివి అత్తా?"

ముప్పై ఏళ్లకు అడిగారు. అత్త కళ్లద్దాలు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచింది.

"గోల్ దగ్గర," అంది. "ఒక్కటీ పోనిచ్చేదాన్ని కాదే."