బైబిల్లో పెట్టిన ముక్కు రిపోర్టు

కుడి ముక్కులో గాలి ఆడక, వారానికోసారి నెత్తురు కారుతుంటే ఏడాదిపాటు అందరిదీ ఒకటే మాట: "వేడి సేసింది." అనకాపల్లిలో ఉన్నాం కాబట్టి తప్పంతా కొత్త బెల్లానిదే. సబ్జా గింజలు తాగించారు, బార్లీ తాగించారు. చివరికి సోమవారాలు విశాఖ నుంచి వచ్చే డాక్టరుగారు సన్నని గొట్టం పెట్టి చూసి, లోపల కండ పెరిగిందని చెప్పి, కందిగింజంత ముక్క తీసి ల్యాబుకు పంపారు. కేన్సరా అని అడిగాను. "రిపోర్టు రానివ్వమ్మా," అన్నారు.

గురువారం మా ఆయన రిపోర్టు తెచ్చారు. నేను చెయ్యి చాచేలోపే మా అత్త ఆ కవరు లాక్కుని తన బైబిల్లో పెట్టేసింది.

"ఆదివారం సంగంలో పార్దన అయ్యేదాకా తెరవొద్దు. తెరిసీసేక పార్దన సేత్తే ఏటి లాబం?"

"అందులో రాసింది ఎప్పుడో రాసేసేరత్తా. సిరా కూడా ఆరిపోయింది."

"దేవుడికి సిరా ఓ లెక్కా?"

మా ఆయన గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు. మా అత్తాకోడళ్లిద్దరికీ మాట పెరిగినప్పుడల్లా ఆయన చూసేది దాన్నే.

నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కు నాది, ప్రాణం నాది, కవరు మాత్రం ఆవిడ దగ్గర! శనివారం మధ్యాహ్నం ఆవిడ చర్చి ఊడవడానికి వెళ్లగానే తీసి విప్పాను. కాన్వెంటులో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. అయినా 'ఇన్వర్టెడ్ పాపిలోమా' దగ్గరే ఆగిపోయాను. కింది పంక్తులు ఇంకా అధ్వాన్నం. డిక్షనరీలో ఆ మాట లేదు. నెట్ సెంటరుకు వెళదామంటే దాన్ని నడిపేది మా సంఘపెద్దే. అన్నం మెతుకులతో కవరు అంటించి, ఉన్నచోటే పెట్టేశాను.

ఆదివారం పాస్టరుగారు కవరు పైకెత్తి ప్రార్థన చేస్తుంటే, ఆడవాళ్లంతా నన్ను అప్పుడే పెట్టెలో పెట్టేసినట్టు ఏడ్చారు. నేను ఏడవలేదు. ఆ రెండు మాటల్లో చావు ఉందో లేదో తేల్చుకోలేక, పళ్లు బిగపట్టి నిలబడ్డాను.

సోమవారం ముగ్గురం వెళితే, డాక్టరుగారు చదివి, "కేన్సరు కాదమ్మా," అన్నారు. అరుదుగా వచ్చే గడ్డట, లోపలికి పెరుగుతుందట. వదిలేస్తే ఎముకను తినేస్తుంది, కొందరిలో చెడ్డగా మారుతుంది కూడా. ఆపరేషన్ చేసి మొదలంటా తీయాలి. తీసినా మళ్లీ రావచ్చు, ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలి. ఇవన్నీ తర్వాత మా ఆయన చెప్పిన సంగతులు. మొదటి మాట వినగానే నేను బయటికొచ్చి, మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చేశాను.

అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడెందుకే ఏడుపు? శనివారమే సదివేసేవు కదా."

కొంగుతో మొహం తుడుచుకుని ఆవిడవైపు చూశాను.

"మెతుకులెట్టి అంటించిన కవరు నాకు తెల్దేటి? అప్పట్నించీ నీ మొకమే సూత్తన్నాను. నువ్వు ఏడవలేదు. మంచిదే రాసుంటాదనుకున్నాను. ఆ దైర్నంతోనే ఈ రెండ్రోజులూ ఇంత తిన్నాను."

అర్థం కాకే ఏడవలేదని ఆవిడకు ఈనాటికీ చెప్పలేదు.