గరాండ్, ఎస్‌వీటీ, ఒక బంతిపూల దండ

తొలితరం సెమీ ఆటోమేటిక్ సైనిక రైఫిళ్ల గురించి నాకున్న జ్ఞానమంతా వీడియోల్లోంచి వచ్చిందే. కెనడాలోని ఒషావాలో మేం నలుగురు స్టూడెంట్లం అద్దెకున్న బేస్‌మెంట్ పైనే, అలాంటివి రెండు లైసెన్స్‌తో దాచుకున్న మనిషి ఉన్నాడని చాలా నెలలు తెలియదు. ఆయన మా ఓనర్ ప్రభాకర్ గారు. సొంతూరు తెనాలి, చేసేది ఐటీ, డల్లాస్ మీదుగా ఇక్కడికొచ్చారు. ఇప్పుడు వాంకూవర్‌లో చిన్న కాండో ఫ్లాట్‌కి మారిపోతున్నారు. "ఒక్కటంటే ఒక్కటే తెచ్చుకోండి" అని ఆంటీ తేల్చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన గరాండ్ ఉంచుకోవాలా, రష్యావాళ్ల ఎస్‌వీటీ ఉంచుకోవాలా? ఎస్‌వీటీని వదులుకోవాల్సి వస్తే దాన్ని తనకు అమ్మిన వాల్టర్ చేతిలోనే పెట్టాలని ఆయన కోరిక. అమ్మేటప్పుడు ఆ పెద్దాయన, "ఎప్పుడైనా వద్దనుకుంటే నా దగ్గరికే తీసుకురా" అన్నాడట. తేల్చుకోవడానికి ఒక శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళుతూ నన్ను తోడు రమ్మన్నారు. నేను వేర్‌హౌస్ షిఫ్ట్ మార్చుకుని మరీ బయల్దేరాను.

ఉదయం ఏడింటికి కారెక్కాం. 115 హైవే పట్టుకుంటే పీటర్‌బరోకి గంట, అక్కడి నుంచి ఉత్తరానికి ఇంకో అరగంట. రేంజ్ దాకా బస్సు లేదు కాబట్టి కారున్న వాళ్లను మంచి చేసుకోవాల్సిందే. గెస్ట్ ఫీజు ఇరవై డాలర్లు. లైసెన్స్ ఉన్న మనిషి పక్కనే నిలబడి చూసుకుంటే నాలాంటివాడు కూడా కాల్చవచ్చు. దారిలో ఒక డైనర్‌లో ఆమ్లెట్ తింటుంటే ప్రభాకర్ గారు అడిగారు.

"ఏవయ్యా, నువ్వయితే ఏది ఉంచుకుంటావ్?"

"ముందు కాల్చనీయండి అంకుల్. తిన్నాక గదా రుచి చెప్పేది."

ముందు గరాండ్ పట్టుకున్నాను. ఎనిమిది తూటాలున్న ఇనుప క్లిప్‌ను పైనుంచి బొటనవేలితో లోపలికి నొక్కాలి. వేలు తీయడం ఆలస్యమైతే బోల్ట్ ముందుకొచ్చి నలిపేస్తుంది. భుజం మీద గట్టిగానే తన్నింది గానీ, గురి చూసే సైట్లు ఎంత బాగున్నాయంటే తూటాలు చెప్పిన మాట విన్నాయి. ఆఖరి తూటాతో పాటు ఖాళీ క్లిప్ టింగుమని ఎగిరిపడినప్పుడు చిన్నపిల్లాడిలా నవ్వాను. ఎస్‌వీటీ చేతికి తేలిక. గొట్టం చివర ఉన్న బ్రేక్ వల్ల భుజానికి హాయి, పక్కవాళ్ల చెవులకు నరకం. దాని మ్యాగజైన్‌లో అసలు పది తూటాలు పట్టాలి, ఇక్కడి చట్టం కోసం ఐదుకు బిగించారు. తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్ లోపలికి ఎంత వదలాలో మనమే తిప్పి పెట్టుకోవాలి, అది కుదరకపోతే మొరాయిస్తుంది. మాకు రెండుసార్లు మొరాయించింది. కాల్చుకోవడానికి గరాండ్, దాచుకోవడానికి ఎస్‌వీటీ అని నాకు అనిపించింది. ప్రభాకర్ గారు కూడా గరాండ్‌కే ఓటేశారు.

ఆయన ఫోన్ చేస్తే కాసేపటికి వాల్టర్ వచ్చాడు. డెబ్బై దాటిన రైతు, మాటలు తక్కువ. ప్రభాకర్ గారు ఎస్‌వీటీని రెండు చేతులతో, ప్రసాదం ఇచ్చినట్టు అందించారు. దాని చెక్క అద్దంలా మెరుస్తోంది. పెద్దాయన దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెనక భాగాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఇక్కడి అక్షరాలేవి?" అన్నాడు ఇంగ్లీషులో.

"అక్షరాలా? గీతలు కదా అవి! పోయిన దసరాకి ఆయుధపూజ చేసుకుంటూ నున్నగా రుద్ది వార్నిష్ వేశాను. మాసిన వస్తువును పూజలో ఎలా పెడతాం?"

వాల్టర్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఎవరో సైనికుడు చాకుతో చెక్కుకున్నాడు. రష్యన్‌లో మూడు అక్షరాలు. అతని పేరేమో. నాకు చదవడం రాదు, తెలిసినవాళ్లను అడగాలని ఎప్పుడూ అనుకునేవాణ్ని" అన్నాడు.

ప్రభాకర్ గారు నా వైపు తిరిగి, "ఉప్పు కాగితం పెట్టి నేనే రుద్దానయ్యా, నా చేతులతో" అన్నారు. అంతలోనే అంతకుముందు ఏడాది దసరా ఫోటో గుర్తొచ్చి, ఫోన్‌లో వెతికి తీశారు. బల్ల మీద అప్పటికింకా రుద్దని రైఫిల్, కుంకుమ బొట్లు, బ్రాంప్టన్‌లోని ఇండియన్ కొట్టు నుంచి తెచ్చిన బంతిపూల దండ. ఆ దండ సరిగ్గా ఆ చోటునే కప్పేసింది. వాల్టర్ ఫోటోను పెద్దది చేసి, ఒక పువ్వు మీద వేలుపెట్టి పక్కకు జరిపాడు. ఫోటో మొత్తం జరిగింది.

"దాచుకునేవాళ్లు ఇక దీన్ని కోరరు. కాల్చడానికేం, బంగారంలా ఉంది. నేను కాల్చుకుంటాను" అని పెద్దాయన తీసుకున్నాడు. అది దయ అని మా ఇద్దరికీ తెలుసు.

తిరుగుదారిలో ప్రభాకర్ గారు ఒక్కటే మాట అన్నారు: "భక్తి ఎక్కువైందయ్యా." నాకు మాత్రం బాధ తగ్గలేదు. మా క్లాసులో ఉక్రెయిన్‌లోని కీవ్ నుంచి వచ్చిన, రష్యన్ తెలిసిన అమ్మాయి ఉంది, ఆ అక్షరాలు చదవడం ఆమెకు ఒక్క నిమిషం పని. యుద్ధాన్ని దాటి, సముద్రాన్ని దాటి వచ్చిన ఒక మనిషి పేరు ఒషావాలోని గరాజ్‌లో పొట్టుగా రాలిపోయింది. అదీ ద్వేషంతో కాదు, ప్రేమతో. పాత రైఫిల్ కొనే ఆలోచన ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే. ఇంటికి తెచ్చిన రోజునే, పగటి వెలుతురులో, చెక్కను నాలుగు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. తుడవకముందే, పూలు పెట్టకముందే.