రెండింటి నుంచి మూడింటి దాకా

మాస్టారు పోయారని వాళ్ళావిడ కొవ్వూరు నుంచి ఫోన్ చేసి చెప్పారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో ఉండగానే ఒరిగిపోయారట. గోదావరి వంతెన దాటి వెళ్ళేసరికి నాకు మధ్యాహ్నమైంది. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. ఇంటి ముందు వేసిన కుర్చీల్లో మొదటిదాంట్లో మా పాత ఇంజనీరు గారు తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నారు. మాస్టారిని రిటైరయ్యేదాకా ఊరు కాని ఊళ్ళు తిప్పిన మనిషి ఆయనే. ఇలాంటప్పుడు అందరి గురించీ మంచే రాయాలంటారు. మాస్టారి గురించి మంచే రాస్తాను. ఇంజనీరు గారి గురించి మాత్రం జరిగింది రాస్తాను.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పినాయన కాదు. రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సీనియర్ టెక్నీషియన్. తొంభైల చివర్లో నేను జూనియర్ ఆఫీసరుగా చేరాను. కాగితం మీద ఆయన నా కింద ఉద్యోగి. పని నేర్పింది మాత్రం ఆయనే. నేను మాస్టారూ అనేదాన్ని, ఆయన తన కూతురి వయసు దాన్నయిన నన్ను మేడమ్ గారూ అనేవారు. రావులపాలెం డ్యూటీకి వెళితే సెక్షన్ అందరికీ చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చేవారు. పండు తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎవర్నీ కనెక్టర్లు ముట్టుకోనిచ్చేవారు కాదు, నాతో సహా.

కొత్త డిజిటల్ లైను వాడకంలోకి తెచ్చే ముందు ఇరవై నాలుగ్గంటలు పరీక్ష పెట్టాలి. మన దగ్గర్నుంచి వెళ్ళిన సిగ్నలు తిరిగి మనకే వచ్చేలా అవతలి ఊళ్ళో ఒక తీగముక్కతో కలుపుతారు. దాన్ని లూప్ అంటాం. పంపిందీ తిరిగొచ్చిందీ ఇక్కడ మీటరు పోల్చి చూసుకుని, ఎన్ని సెకన్లలో తప్పు దొర్లిందో గంటకోసారి చిన్న కాగితం చుట్ట మీద అచ్చేస్తుంది. మీటరు పెట్టాక మాస్టారు దానివైపు వీపు తిప్పి కూర్చునేవారు.

"చూస్తా కూర్చుంటే మంచి అంకెలు రావాలనిపిస్తుందండి. దానికి మొహమాటం లేదు. మనకుంది" అనేవారు.

ఆయన పరీక్షకి ఒక పద్ధతి ఉండేది. రోజులో తనకి నచ్చిన ఏదో ఒక వేళ అవతలి ఊరికి ఫోన్ చేసి, ఆ లూపు పది సెకన్లు పీకి మళ్ళీ పెట్టమనేవారు. ఆ పది సెకన్లూ కాగితం మీద తప్పుగా పడితేనే మిగతా కాగితాన్ని నమ్మేవారు. "మనం చేసిన తప్పు పట్టుకోని మీటరు ఇంకెవరి తప్పు పట్టుకుంటుందండీ?" అని నవ్వేవారు. నాకప్పుడు అది ముసలాయన చాదస్తంలా అనిపించేది.

నేను చేరిన మూడో నెలలో రావులపాలెం లైను వచ్చింది. మాస్టారు పరీక్ష పెడితే కాగితం నిండా తప్పులే. ఎక్కడో జాయింటులోకి నీళ్ళు దిగుతున్నాయి, తవ్వి సరిచేయాలన్నారు. ఇంజనీరు గారికి తవ్వే తీరిక లేదు, ప్రారంభోత్సవానికి పెద్దల్ని పిలిచేశారు. మర్నాడు మాస్టారిని కొవ్వూరు డ్యూటీకి పంపి, తనే మీటరు పెట్టుకున్నారు. ఆ మర్నాడు నా బల్ల మీద పెట్టిన కాగితం చుట్టలో ఇరవై నాలుగ్గంటలూ సున్నాలే ఉన్నాయి.

"జాయింటు సరిచేయించాను. సంతకం పెట్టమ్మా, నీ పేరు మీద వెళ్తే నీకే మంచిది" అన్నారు.

పొంగిపోయి పెట్టాను. ఇప్పటికీ ఆ సంతకం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

లైను ప్రారంభమైన వారంలోనే ఫోన్లు మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. బేరం సగంలో ఉండగా లైను పోతే లోడు ఎక్కడికి పంపాలో తెలియక రావులపాలెం అరటి వ్యాపారులు లారీలు నిలబెట్టుకుని కూర్చునేవారు. చివరికి వాళ్ళంతా వచ్చి ఆఫీసు ముందు బైఠాయించారు. పైనుంచి విచారణకి ఒక అధికారి వచ్చారు. లైను పరీక్షలో బాగానే ఉందనీ, తర్వాత నేను సరిగా చూసుకోకపోవడం వల్లే పాడైందనీ ఇంజనీరు గారు రాసిచ్చారు. నాకు మెమో వచ్చింది. ప్రొబేషన్ పూర్తికాలేదు కాబట్టి జవాబు చెప్పుకోలేకపోతే ఉద్యోగం పోయినట్టే.

మాస్టారు ఆ కాగితం చుట్ట విప్పి ఒకటికి రెండుసార్లు చూశారు. "ఇన్ని సున్నాలా?" అని మాత్రం అని, బస్సెక్కి రావులపాలెం వెళ్ళారు. సాయంత్రం అక్కడి ఎక్స్ఛేంజీ డైరీ చంకలో పెట్టుకుని వచ్చారు. పరీక్ష రోజున మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా అక్కడ కరెంటు లేదు, బ్యాటరీలు కూడా దిగిపోయి మెషీను ఆగిపోయిందని అందులో రాసి ఉంది. ఆ రోజు మాస్టారు చేయించాల్సిన లూపు పీకే పని కరెంటు వాళ్ళు చేసిపెట్టారు.

విచారణ గదిలో మాస్టారు ఆ గంట చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టి కాగితం బల్ల మీద పెట్టారు. "సార్, రావులపాలెంలో మెషీనే ఆగిపోయిన గంటలో మన సిగ్నలు ఎక్కడికెళ్ళి తిరిగొచ్చిందండీ?"

ఇంజనీరు గారు గోడ గడియారం వైపు చూశారు.

"నే చెప్తానండి. ఎక్కడికీ వెళ్ళలేదు. లూపు ఇక్కడే, మీటరు పక్కనే పెట్టారు. రెండడుగుల తీగకి పరీక్ష పెట్టి, రావులపాలెం పేరు రాసి, ఈ పిల్ల చేత సంతకం పెట్టించారు."

నా మెమో వెనక్కి తీసుకున్నారు. జాయింటు తవ్వి బాగుచేశారు. అంతే. ఇంజనీరు గారికి ఆరు నెలల్లో ప్రమోషన్ వచ్చింది, మాస్టారికి బదిలీ వచ్చింది. లైను ఒక్క తప్పూ లేకుండా పరీక్ష నెగ్గిందన్న మాట ఇప్పటికీ ఫైల్లో అలాగే ఉంది, దాని కింద నా సంతకంతో.

"పోనీలెండి మాస్టారూ" అన్నాను వీడ్కోలు రోజున.

"మీకు పోతే మంచిదేనండి. నాకు పోదు. నేను తిట్టను, కొట్టను. గుర్తుచేస్తాను" అని, ఆ కాగితం నాకిచ్చి జిరాక్సు తీయించుకు రమ్మన్నారు.

ఇంజనీరు గారి ప్రమోషన్ సన్మానం రోజున ఆయనకి పోస్టులో ఒక కవరు వెళ్ళింది. గృహప్రవేశానికి ఒకటి, కొడుకు పెళ్ళికి ఒకటి, వాలంటరీ రిటైర్మెంటు సభకి ఒకటి. లోపల ఉత్తరం ఉండదు. ఎర్ర సున్నా చుట్టిన జిరాక్సు ఒక్కటే. క్షమించడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కవరు వెళ్ళిందని మాస్టారు ఫోన్ చేసిన ప్రతిసారీ నాకు కడుపు నిండినట్టుండేది.

పదకొండో రోజు భోజనాలకి ముందు ఇంజనీరు గారు లేచి, తామిద్దరూ సొంత అన్నదమ్ముల్లా మెలిగామని కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడారు. తర్వాత చేయి కడుక్కునే దగ్గర నా పక్కకి వచ్చారు.

"ఏమ్మా, ఇంక ఆ కవర్లు రావుగా?" గొంతు బాగా తగ్గించి అడిగారు.

"నాకేం తెలుసండీ" అన్నాను. నిజంగానే తెలియదు. ఆయన మొహంలో కనబడిన తేలిక చూసి నాకు అన్నం సహించలేదు.

అందరూ వెళ్ళాక వాళ్ళావిడ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "ఇది నీకిమ్మన్నారమ్మా. ఏంటో నాకు చెప్పలేదు." అందులో ఆ అసలు కాగితం చుట్ట ఉంది. అచ్చు మొత్తం వెలిసిపోయింది. తెల్లటి కాగితం మీద ఎర్ర సున్నా ఒక్కటే మిగిలింది. దాని కింద నాలుగు కవర్లు ఉన్నాయి. జిరాక్సులు లోపల పెట్టి, అంటించి, స్టాంపులు కూడా వేసి ఉంచారు.

వచ్చే గురువారం ఇంజనీరు గారి షష్టిపూర్తి. ఇవాళ రాజమండ్రి హెడ్ పోస్టాఫీసుకి వెళ్ళి మొదటి కవరు డబ్బాలో వేశాను. వేసే ముందు ఒకసారి తిప్పి చూశాను. చిరునామా మాస్టారే రాశారు. 'గారికి' అన్న మాట ఎప్పటిలాగే గుండ్రంగా, మర్యాదగా ఉంది. పీటల మీద కూర్చున్నాయన ఆ చేతిరాత గుర్తుపట్టేస్తాడు.