చెరగని సున్నపు గీత

ఎనభైల్లో, ఖరగ్‌పూర్‌లో మా కాలనీ ఫుట్‌బాల్ జట్టు కోచ్ కోసం మైదానం పక్కన ఎప్పుడూ ఒక కుర్చీ వేసేవారు. ఆయన అందులో కూర్చోగా నేను చూడలేదు. బంతి ఎటు పోతే అటు సున్నపు గీత మీదే నడిచేవాడు. ఆట ముగిసేసరికి ఆయన చెప్పుల కింద గీత చెరిగిపోయేది.

"కాసేపు కూకోండి మావయ్యా" అంటే, "బంతి కూకుంటే నేనూ కూకుంతాను" అనేవాడు.

ఆ ఏడు లీగులో కప్పు ఎవరిదైనా కావచ్చు. వరసగా రెండు ఆటలు ఓడామని క్లబ్బు పెద్దలు సీజను మధ్యలో ఆయన్ని తీసేశారు. కొత్త కోచ్ వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీకి ఇన్నాళ్లకు మనిషి దొరికాడు.

సెమీఫైనల్ చేరాలంటే చివరి ఆట గెలిచి తీరాలి. ఆట మొదలై చాలాసేపైనా గీత తెల్లగా అలాగే ఉంది. డిఫెన్స్‌లో ఆడుతున్న నేను బంతిని వదిలి మాటిమాటికీ దాన్నే చూస్తున్నాను.

అంతలో గట్టు మీద కూర్చున్న జనంలోంచి ఎవరినో కూర్చోమంటూ బెంగాలీలో, తెలుగులో కేకలు.

"బోషో దాదా, బోషో!"

"కూకో బావూ, నీ యెనక మాకేటీ కనపడ్డం లేదు!"

నేను తల తిప్పి చూడలేదు. బంతి మా గోలు వైపు వచ్చినప్పుడు ఆ కేకలు ఇటు వచ్చాయి. అవతలి గోలు వైపు పోయినప్పుడు బంతితోపాటే అటు పరిగెత్తాయి.